పోయిన ఒక్క స్టారు: ఆట్వే అడవి కేబిన్‌లో రెండు రాత్రులు

ఐదుకి నాలుగు స్టార్లు ఇచ్చాను. బుకింగ్ సైటులో రాసుకోమని ఇచ్చిన డబ్బాలో నాలుగు ముక్కలకు మించి పట్టలేదు, అదీ ఇంగ్లీషులో. ఆ పోయిన ఒక్క స్టారు సంగతి మాత్రం తెలుగులోనే చెప్పాలి. "అమ్మ వచ్చి నెలైంది, ఎంతసేపూ షాపింగ్ సెంటర్లేనా, ఒకసారి అడవి చూపిద్దాం" అనుకునే ఇళ్ళు మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా వీధిలోనే నాలుగున్నాయి. వాళ్ళ కోసం ఇది.

కేబిన్ పేరు రాయను. అక్కడ ఉన్నవే రెండు కేబిన్లు. పేరు చెప్తే వచ్చే ఏడాది మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందాల సెలవులకి మాకే దొరకదు. పైగా దాని ఓనరు మంచివాడు, నేను ఇప్పుడు రాయబోయేది కాస్త ఫిర్యాదు. లేవర్స్ హిల్ నుంచి అపోలో బే వైపు వెళ్తూ తారు రోడ్డు దిగి, మట్టి దారిలో ఓ ఆరు కిలోమీటర్లు లోపలికి అనుకోండి చాలు. మా ఇంటి నుంచి జీలాంగ్, కొలాక్ మీదుగా మూడు గంటలు పట్టింది. కొలాక్ దాటాక దారంతా మెలికలే. మా బాబు రెండుసార్లు కారు ఆపించాడు, ఎందుకో చెప్పక్కర్లేదు.

చూడ్డానికి ముచ్చటగా ఉంది, అందులో అబద్ధం లేదు. రేకుల కప్పు, చెక్క గోడలు, ముందు పెద్ద వరండా, ఎదురుగా పచ్చిక బయలు, ఆ చివర ఒక నీటి గుంట. దాన్ని ఇక్కడ డ్యామ్ అంటారు. అత్తయ్యది ఆత్మకూరు దగ్గర పల్లె, శ్రీశైలం డ్యామ్ చూసిన మనిషి. "దీన్నా?" అని ఊరుకున్నారు. కరెంటు సోలార్‌ది, నీళ్ళు వాన నీళ్ళ ట్యాంకువి, వంటకి రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, చలికి కట్టెల హీటరు. ఇక్కడ వసంతకాలమైన నవంబర్ మొదటి వారంలో కూడా రాత్రి ఆ హీటరు లేకపోతే కష్టమే. పరుపులు బాగున్నాయి, గిన్నెలు శుభ్రంగా ఉన్నాయి. టాయిలెట్‌కి ఫ్లష్ ఉండదు, పని అయ్యాక డబ్బాలోంచి రంపపు పొట్టు ఒక గరిటెడు వేయాలి. మా ఆయన దానికి మొహం మాడ్చుకున్నాడు గానీ అత్తయ్యకి ఏమీ అనిపించలేదు. రాత్రికి 240 డాలర్లు, రెండు రాత్రులు తప్పనిసరి. ఆ డబ్బుకి బాగానే ఉంది.

బల్ల మీద ఒక ఫైలు పెట్టి ఉంది, వచ్చినవాళ్ళు చదువుకోవడానికి. 14 పేజీలు. టాయిలెట్ గురించి మూడు పేజీలు, హీటరు ఎలా వెలిగించాలో రెండు పేజీలు, పాములున్నాయి కాబట్టి గడ్డిలో బూట్లు లేకుండా నడవొద్దని ఒక పేజీ. అందులో టైగర్ స్నేక్ అని ఉంటే మా బాబు గట్టిగా చదివాడు. "పులుల్లేవు అన్నావు కదమ్మా!" అని అత్తయ్య నా వైపు చూశారు. అది పాము పేరని నచ్చజెప్పేసరికి టీ చల్లారింది. అన్నీ రాసిన ఆ ఫైల్లో, రాత్రి ఏం వినిపిస్తుందో ఒక్క ముక్క లేదు. నా స్టారు పోయింది అక్కడ.

నేను ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధాశ్రమంలో పనిచేస్తాను, ఎక్కువగా నైట్ షిఫ్టులే. రాత్రి చప్పుళ్ళకి భయపడే రకం కాదు. ఏ గదిలోంచి దగ్గు, ఏ గదిలోంచి మంచం కిర్రుమనడం, కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ ధైర్యం ఆ కేబిన్‌లో రాత్రి పదకొండు దాకా పనిచేసింది.

మొదట వచ్చింది భయపెట్టే శబ్దం కాదు. చీకటి పడుతుండగా గుంట వైపు నుంచి 'టాంక్' అని ఒకటి. కాసేపటికి ఇంకో పక్క నుంచి కొంచెం వేరే శ్రుతిలో మరోటి. ఎవరో తీగ బిగించి ఒక్కసారి మీటి వదిలేసినట్టు. "ఎవరే ఆ తంబుర మీటేది?" అన్నారు అత్తయ్య. ఇది మాత్రం మా బాబుకి తెలుసు, స్కూల్లో చెప్పారట. బాంజో కప్ప, ఇక్కడి పిల్లలు పాబుల్‌బాంక్ అంటారు. సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం వాళ్ళు 2017లో ఫ్రాగ్‌ఐడీ అని ఒక యాప్ తెచ్చారు. కప్ప కూతని ఫోన్లో రికార్డు చేసి పంపితే, వాళ్ళ దగ్గర నిపుణులు విని అది ఏ కప్పో చెప్తారు. నెట్‌వర్క్ లేకపోయినా రికార్డు చేసి పెట్టుకోవచ్చు, తర్వాత పంపొచ్చు. వాడు వరండాలో నిలబడి అందర్నీ నోరు మూసుకోమని రికార్డు చేశాడు. ఎవరూ మూసుకోలేదు.

పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగు. కుక్కర్లో పప్పు కూడా పెట్టాను. మూడు విజిళ్ళు ఆ అడవి మొత్తం వినే ఉంటుంది. ఆ మాటకొస్తే, ఆ రాత్రి మొదట భయపెట్టింది మేమేనేమో.

పదకొండు దాటాక వచ్చింది అసలుది. ఎలా చెప్పాలి? పాత బుల్లెట్ బండి కిక్కు కొడుతుంటే స్టార్టవక మళ్ళీ మళ్ళీ దగ్గుతుంది కదా, దాన్ని ఒక పందికి అతికిస్తే ఎలా ఉంటుందో అలా. కిటికీ పక్కనే. మా ఆయన లేచి కూర్చుని "ఎవరో బైకు మీద వచ్చారు" అన్నాడు. లైటు లేదు, మనిషి లేడు, బైకు లేదు. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా పొడుగ్గా. నా పొట్టలో అదురు తెలిసింది. బాబు దుప్పట్లోంచి "డైనోసార్" అని గుసగుసలాడాడు. ఇచ్చిన టార్చి వెలిగించబోతే బ్యాటరీలు లేవు (ఇది కూడా రాసుకోండి, ఫిర్యాదు నంబర్ రెండు). ఫోన్ లైటు వేస్తే అద్దంలో మా మొహాలే కనపడుతున్నాయి.

అప్పుడు అత్తయ్య మంచం మీదే కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఉండండి, విననీండి" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేను నల్లమల అంచునే. వేరుశనగ కాపుకొచ్చినప్పుడు అడవి పందుల కాపలాకి నాన్నతో పాటు మంచె మీద పడుకునేవారట, పదేళ్ళ పిల్ల. ఈ సంగతి నాకు పెళ్ళైన పన్నెండేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు కూడా.

"పీల్చేటప్పుడు గురక, వదిలేటప్పుడు తేన్పు. రెండూ ఇనిపిస్తాండాయంటే దగ్గర్లోనే ఉండాది," అన్నారు. "కానీ శబ్దం నేల మీద నుంచి రావడంల్యా, పైనుంచి వస్తాంది. చెట్టు మీద కూచున్నది మన జోలికి యాల వస్తాది? పండుకోండి." అని తనే ముందు పడుకున్నారు.

మాకు నిద్ర పట్టలేదు. పట్టేసరికి రెండు. అప్పుడు పచ్చిక బయల్లోంచి కీచుగా, గబగబా ఒక పిట్ట. దానికి మేమెవరం లేవలేదు, అత్తయ్య లేచారు. నిజంగా భయపడింది అప్పుడే. "తీతువు పిట్ట" అన్నారు. ఇంటి మీద రాత్రిపూట తీతువు అరిస్తే ఏమనుకుంటారో మీకు తెలుసు. ఊళ్ళో వాళ్ళ అక్కకి రెండు వారాలుగా ఒంట్లో బాగోలేదు. ఇక ఫోన్ చేయాలంటారు. ఫోన్ చేయాలంటే సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ కావాలంటే నాలుగు కిలోమీటర్లు వెనక్కి, గుట్ట పైకి వెళ్ళాలని ఆ ఫైల్లోనే రాసుంది, ఇంటి ఫోను లాంటిదేదీ పెట్టలేదు. రాత్రి ఎవరికైనా గుండె నొప్పి వస్తే ఏం చేయాలో నాకైతే అర్థం కాలేదు. ఇది మూడో ఫిర్యాదు, మొదటి రెండింటికంటే పెద్దది.

తల్లీకొడుకులు బయల్దేరారు. గంటకి ఇరవై కిలోమీటర్ల స్పీడు, ఎందుకంటే వాలబీలు, అంటే చిన్న కంగారూలు, దారికి అడ్డంగా దూకుతాయి. గుట్ట మీద ఒక్క గీత సిగ్నల్ వచ్చిందట. ఇక్కడ రాత్రి రెండున్నర అంటే అక్కడ తొమ్మిది. పెద్దమ్మ ఫోనెత్తి "సీరియల్ చూస్తాండా, ఏందే ఇప్పుడు?" అన్నారట. జ్వరం తగ్గి మూడు రోజులైందట. ఫోన్ పెట్టేసిందట కూడా, సీరియల్ అయిపోతుందని.

వాళ్ళు అటు వెళ్ళాక ఇక్కడ బాబూ నేనూ. అప్పుడు కప్పు మీద ధబ్‌మని ఏదో పడింది. రేకుల మీద నాలుగు కాళ్ళ నడక, ఆ వెంటనే బొంగురు గొంతుతో ఉబ్బసం మనిషి దగ్గినట్టు ఒక బుస. నేను దోశల పెనం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. పెనంతో ఏం చేద్దామనుకున్నానో ఇప్పటికీ తెలీదు. అది పాసమ్ అని తర్వాత తెలిసింది. పిల్లి అంత ఉంటుంది, మెల్‌బోర్న్ ఊళ్ళో ఇళ్ళ కప్పుల్లో కూడా ఉంటాయవి. టార్నీట్‌లో మా వీధికి చెట్లే లేవు కాబట్టి మాకు పరిచయం లేదు.

పొద్దున్నే ఓనరు చక్రాల బండిలో కట్టెలు తోసుకుంటూ వచ్చాడు. డెబ్భై దాటిన రైతు. నేను ఇంగ్లీషులో రాత్రి భాగోతం మొదలుపెట్టేలోపే అత్తయ్య అడ్డొచ్చి, ఆ గురక-తేన్పు శబ్దం అచ్చంగా చేసి చూపించారు. పెద్దాయన బండి దించేసి నవ్వాడు. తనూ చేశాడు, ఇంకా బాగా. తర్వాత వరండా నుంచి పదిహేనడుగుల దూరంలో ఉన్న చెట్టు కొమ్మ సందులోకి వేలు చూపించాడు. బూడిదరంగు మూట ఒకటి. కోవాలా.

"ఈ బొమ్మా?" అన్నారు అత్తయ్య.

ఆ బొమ్మే. మగది. మహా అయితే పదీ పన్నెండు కిలోలుంటుంది. ఇంటికొచ్చాక చదివాను: అంత చిన్న ఒంటికి ఉండాల్సిన దానికంటే దాని గొంతు ఇరవై రెట్లు మంద్రంగా ఉంటుందట, ఏనుగంత జంతువుకి ఉండాల్సిన శ్రుతి. 2013లో శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. మామూలు స్వరతంత్రులు కాక, గొంతు పెట్టెకి బయట, పైన ఇంకో జత పెద్ద మడతలున్నాయి దానికి. గాలి లోపలికి పీల్చేటప్పుడు అవి అదిరి ఆ శబ్దం పుడుతుంది. అత్తయ్య "పీల్చేటప్పుడు గురక" అన్నది గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది. వసంతం నుంచి వేసవి దాకా జతకట్టే కాలం, ఆడవాటిని పిలవడానికీ, ఇంకో మగది దగ్గరికి రాకుండా ఉండటానికీ రాత్రిళ్ళు అలా అరుస్తాయి. పగలు నిద్ర. రోజులో ఇరవై గంటల దాకా నిద్రలోనో విశ్రాంతిలోనో గడిపే జంతువు మిగతా నాలుగు గంటల్లోనే మా నిద్ర చెడగొట్టింది.

కాఫీ చల్లారిపోయినా ఆ ఇద్దరూ కదల్లేదు. ఒకరికి తెలుగు తప్ప రాదు, ఒకరికి ఇంగ్లీషు తప్ప రాదు. ఆవిడ తీతువు పిట్టలా అరిచారు. ఆయన తల ఊపి, బయల్లో పసుపు మొహం పిట్టని చూపించి, దాని అరుపు అరిచాడు. వాళ్ళు ప్లోవర్ అంటారు, పుస్తకాల్లో మాస్క్‌డ్ లాప్‌వింగ్. మన తీతువుకి ఒకే ప్రజాతికి చెందిన చుట్టం. అంటే అత్తయ్య తప్పు వినలేదు, ఊరు మారిందంతే. తర్వాత ఆవిడ పులి వస్తోందని దుప్పి ఎలా కూస్తుందో చేసి చూపించారు. ఆయనకి అది తెలీదు. మళ్ళీ చేయమన్నాడు. నేను మధ్యలో అనువాదం చేయబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. ఈ ఒక్క అరగంటకి ఆరో స్టారు ఇవ్వొచ్చు గానీ సైటులో ఐదే ఉన్నాయి.

ఫైల్లో ఈ శబ్దాల గురించి ఎందుకు రాయలేదని అడిగాను. ముందే చెప్తే వచ్చేవాళ్ళకి సరదా ఏముంటుంది అన్నాడు. నేను నా నైట్ షిఫ్ట్ గొంతుతో, పిల్లలతో వచ్చేవాళ్ళకీ పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకీ అది సరదా కాదని గట్టిగానే చెప్పాను. రాస్తానన్నాడు. టార్చికి బ్యాటరీలు మాత్రం అప్పుడే తెచ్చిచ్చాడు.

రెండో రాత్రి బాబు కోవాలా అరుపుకి లేవనే లేదు. మేమూ పాసమ్‌ని తిట్టుకుని పడుకున్నాం. 3:40కి ఒక కేక. టైము ఎలా తెలుసంటే, తెల్లారే దాకా కప్పల కోసమని బాబు ఫోన్ రికార్డింగులో పెట్టి కిటికీ దగ్గర వదిలేశాడు. ఆడమనిషి కేక అది. సన్నగా మొదలై పైకి పోయి ఒక్కసారిగా తెగిపోయింది. నేను చెప్పులేసుకుని టార్చి తీసుకుని మెట్ల దాకా వెళ్ళాను కూడా. నా ఉద్యోగంలో కేక వింటే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. మెట్ల మీద ఆగిపోయాను. సాయం కోసం అరిచే మనిషి మళ్ళీ అరుస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకుంటుంది, ఏదో ఒక పేరు పిలుస్తుంది. ఇందులో అవేవీ లేవు. కప్పలు కూడా ఆగిపోయాయి, ఒక నిమిషం పాటు. తర్వాత గుంటలో ఒకటి మెల్లగా 'టాంక్' అంది.

పొద్దున్న రికార్డింగు వినిపిస్తే ఓనరు రెండుసార్లు విన్నాడు, పాసమ్‌లు కొట్టుకుని ఉంటాయేమో అన్నాడు, ఆయనకే నమ్మకం లేనట్టు. తిరుగు దారిలో పెట్రోలు పోయించుకున్న చోట కౌంటరు అమ్మాయి నక్క అంది. ఇంగ్లీషువాళ్ళు వేటాడుకోవడానికి 1800ల్లో తెచ్చి వదిలిన నక్కలు మా విక్టోరియా రాష్ట్రమంతా ఉన్నాయి, ఆడ నక్క కేక నిజంగానే అలా ఉంటుంది, కానీ అది ఎక్కువగా వినిపించేది ఇక్కడి చలికాలంలో. ఆడ కోవాలా కూడా మగది మీదికొస్తే కీచుమని ఏడుస్తుందట. వెనక లైన్లో ఉన్న ఒకాయన గొంతు తగ్గించి "పాంథర్" అన్నాడు. ఆట్వే అడవుల్లో నల్ల చిరుతలున్నాయని ఇక్కడ పాత పుకారు. చూశామనేవాళ్ళు ఎంతమందో. విక్టోరియా ప్రభుత్వం 2012లో ఒక అధ్యయనమే చేయించింది. పెద్ద పులిజాతి జంతువులు ఇక్కడ అడవిలో బతుకుతున్నాయనడానికి ఉన్న ఆధారాలు చాలవని తేల్చారు. అది చెప్తే ఆయన నవ్వి, "ఆ అధ్యయనం చేసినవాళ్ళు ఇక్కడ పడుకున్నారా?" అన్నాడు.

అత్తయ్య మాత్రం కార్లో కూర్చుని, "ఒక్కసారే అరిసింది. రెండోసారి అరవనీలేదు దాన్ని," అన్నారు. అంతకుమించి చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: టార్చీ, బ్యాటరీలూ మీవే పట్టుకెళ్ళండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇండియాలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే కొలాక్ దాటకముందే ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రి తిండి వరండాలో వదిలితే పాసమ్ పాలు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళని తీసుకెళ్తే మాత్రం ఆ సిగ్నల్ సంగతి ఆలోచించుకోండి. ఆయన ఫైల్లో శబ్దాల పేజీ పెట్టి, అత్యవసరానికి ఏదో ఒక ఫోను పెడితే ఐదో స్టారు నేనే వెళ్ళి ఇచ్చి వస్తాను. ఎలాగూ వెళ్తున్నాం, అత్తయ్య వీసా జనవరి దాకా ఉంది.

ఇంటికి రాగానే బాబు కప్పల రికార్డింగు పంపాడు. వారంలోపే జవాబు వచ్చింది: తూర్పు బాంజో కప్ప, సరిగ్గానే పట్టావని. ఆ రికార్డింగులో కప్పల వెనక "ఎవరే ఆ తంబుర మీటేది?" అన్న అత్తయ్య గొంతు శుభ్రంగా వినిపిస్తోంది. మ్యూజియం వాళ్ళు అంతా విని, కప్ప పేరు రాశారని వాడు చెప్తే, ఆవిడ చింతపండు పిసుకుతూ అడిగారు:

"మరి నన్నేమని రాసినారు?"